రెండు పాయింట్ల గెలుపు

పెదనాన్న పదకొండో రోజున పలాసలో మా ఇంటి ముందు వేసిన షామియానా కింద, వచ్చినవాళ్ళంతా ఆయన్ని పొగుడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మహానుభావుడన్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషన్నారు, ఒకాయనైతే మైకు లేదా అని అడిగాడు. పల్లెత్తు మాట అనకపోవడమేమిటి! కాశీబుగ్గ నుంచి రైల్వేస్టేషను దాకా మా పెదనాన్న తవిటయ్య నోట పడని మనిషి ఉంటే, ఆ మనిషి ఆ వేళ ఊళ్ళో లేడన్నమాట. ఆయనకి పొగడ్త అంటే పడదు. పడకపోవడం కూడా కాదు, భయం. ఆ భయం మా అన్నయ్య జీవితంలో ఏం చేసి పెట్టిందో ఆ జనంలో నాకొక్కదానికే తెలుసు అనుకుంటూ, ప్లాస్టిక్ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను.

ఆయన పేరే ఆ భయంలోంచి పుట్టింది. మా నాన్నమ్మకి వరసగా ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోతే, మూడోవాడు పుట్టగానే చేటలో వేసి పక్కింటావిడ చేతిలో పెట్టేసి, చారెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుందట. తవుడుకి అమ్ముడుపోయిన బిడ్డ మీద ఏ గాలికీ ధూళికీ ఆశ పుట్టదని వాళ్ళ నమ్మకం. మా వైపు ఏ పల్లెకి వెళ్ళినా ఇద్దరు తవిటయ్యలూ ఒక తవిటమ్మా తగులుతారు. మా తవిటయ్య బతికి బట్టకట్టడమే కాదు, తనని బతికించిన ఆ చిట్కాని ఇంటిల్లిపాదికీ వాడాడు. పైవాళ్ళ ముందు మావాళ్ళ గురించి మంచి మాట అనకూడదు, అంతే. నేను పది ఫస్టు క్లాసులో పాసయ్యానటగా అని పక్కింటివాళ్ళు అడిగితే "పక్కదాన్ని సూసి రాసుంటాది" అన్నాడు. అమ్మ కొత్త చీర కడితే "గోనెసంచి నయం" అన్నాడు. ఎవరైనా పొరపాటున అన్నయ్యని ఎంత ఏపుగా పెరిగాడో అన్నారంటే, ఆ సాయంత్రం నాన్నమ్మ చుట్ట పక్కన పెట్టి, గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. ఘాటు వస్తే అందరం దగ్గుకుంటూ బయటికి పరుగు.

నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. పెదనాన్నకి పిల్లల్లేరు, పెద్దమ్మా ఎక్కువకాలం బతకలేదు. అందుకని ఆయన పిల్లలమంటే అన్నయ్యా నేనూ. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన జీడిపిక్కలు కొట్టించేవాడు. తెల్లారేసరికి డ్రమ్ములో పిక్కలు ఉడికే ఆవిరి పెరడంతా కమ్మేసేది. ఆ వాసన కమ్మగా ఉంటుందని బయటివాళ్ళనుకుంటారు. జీడిపప్పు పాయసంలో వేసుకునేవాళ్ళకి అలాగే అనిపిస్తుంది లెండి. అది గొంతు పట్టే వాసన, చొక్కాల్లోంచీ అన్నంలోంచీ కూడా పోదు. కొట్టేవాళ్ళంతా తరవాణి తాగి వచ్చి, చేతులకి ఆముదం రాసుకుని పైన బూడిద అద్దుకుని పీటల మీద కూర్చునేవారు. కాలితో మీట తొక్కితే కత్తి దిగి పిక్క రెండు చెక్కలవుతుంది. పెంకులోంచి నల్లటి జీడి చిమ్ముతుంది. ఆముదం ఏ కాస్త ఆరినా అది తోలు ఊడదీస్తుంది. మా వీధిలో పదిమందిలో ఆరుగురికి వేలి కొసలు నున్నగా, గీతలు లేకుండా ఉండేవి.

అన్నయ్య పేరు లోకనాథం. ఊరి చివర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వాడు ఫైనలియరు, నేను ఫస్టియరు. మూతపడ్డ జీడి ఫ్యాక్టరీ స్థలంలో కట్టిన కాలేజీ అది. పిక్కలు ఎండబోసే సిమెంటు కళ్ళం అలాగే మిగిలిపోతే, ఆటలు నేర్పడానికి కొత్తగా వచ్చిన పీడీ గారు దానికి రెండు వైపులా ఇనప స్తంభాలు పాతించి, చెక్క బల్లలు బిగించి, బాస్కెట్‌బాల్ కోర్టు అన్నారు. అప్పటిదాకా మావాళ్ళకి తెలిసిన ఆటలు కబడ్డీ, వాలీబాల్. కబడ్డీలో మోకాళ్ళు చెక్కుకుపోతాయి, వాలీబాల్లో బంతి పగిలేలా కొడతారు. ఇందులో ఎవరూ ఎవరినీ పడగొట్టరు, తగిలితే విజిలేస్తారు. ఇదేం ఆటని ఊరు మూతి తిప్పింది. తిప్పుతూనే ప్రతి మ్యాచ్‌కీ వచ్చి, కోర్టు చుట్టూ కట్టిన తాడు వెంబడి నాలుగు వరసల్లో నిలబడేది. పిక్కల బస్తాలు దించేవాళ్ళు, ఆటోలవాళ్ళు, ఉద్దానం నుంచి కొబ్బరికాయలు అమ్ముకోవడానికి వచ్చిన రైతులు, మా షెడ్డులో ఆడవాళ్ళు, అందరూ. ఆట తెలిసినవాడు అందులో ఒక్కడు లేడు. తప్పులు పట్టనివాడూ ఒక్కడు లేడు.

అన్నయ్య మాత్రం బాగా ఆడేవాడు. చెల్లెల్ని కాబట్టి అనడం కాదు, ఇప్పుడు అనడానికి నాకు దిష్టి భయం లేదు కాబట్టి అంటున్నాను. పొడగరి, చేతులు పెద్దవి, బంతి వాడి అరచేతికి అతుక్కున్నట్టుండేది. పీడీ గారు వాడి మీదే ఆశ పెట్టుకున్నారు. యూనివర్సిటీ జట్టులో చోటు దొరికితే ఆ సర్టిఫికెట్టుతో పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో వెళ్ళొచ్చని చెప్పారు. మా ఇంట్లో మగవాళ్ళెవరికీ షెడ్డు తప్ప మరో దారి లేదు. అన్నయ్యకి ఆ ఒక్క దారి కనిపించింది. టెక్కలి కాలేజీతో మా కోర్టులో జరిగే మ్యాచ్ చూడ్డానికి యూనివర్సిటీ నుంచి ఒకాయన వస్తున్నాడని తెలిసిన రోజున అమ్మ వాడి నిక్కరు రెండుసార్లు ఉతికింది.

ఆ వారమే షెడ్డులో మనుషులు తక్కువయ్యారు. పెళ్ళిళ్ళ రోజులు, పప్పు బేగి పంపమని వ్యాపారి మనిషి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. పెదనాన్న అన్నయ్యని పిలిచి "నాలుగ్రోజులు పీట మీద కూకో, కాలేజీ ఎక్కడికీ పారిపోదు" అన్నాడు. వాడు కూర్చున్నాడు. అలవాటు లేని చేతులు, ఆముదం ఎప్పుడు ఆరిందో చూసుకోలేదు. మ్యాచ్ రోజుకి కుడిచేతి మూడు వేళ్ళూ బొబ్బలెక్కి, తోలు లేచి, ఎర్రగా కనిపిస్తున్నాయి. పెదనాన్న పొద్దున్నే ఆ చేయి తన ఒళ్ళో పెట్టుకుని వెన్న రాశాడు. "ఆడగలవేటిరా?" అనడిగాడు. వాడు తలూపాడు. పీడీ గారికి చెప్తే ఆడనివ్వరేమోనని భయం.

ఆ మ్యాచ్ గురించి ఏం చెప్పను! టెక్కలి నుంచి ఆరుగురే వచ్చారు. అందులో ఒకడు బస్సులో వాంతులు చేసుకుని నీడన పడుకున్నాడు. మిగిలిన అయిదుగురిలో ఒక ఎడమచేతి కుర్రాడికి తప్ప ఆట రాదు. అలాంటి జట్టుని సొంత కోర్టులో, సొంత జనం ముందు తొక్కి పారెయ్యాలి కదా. మావాళ్ళు ముక్కుతూ మూలుగుతూ ఆడారు. బంతి బుట్ట అంచున కూర్చుని ఆలోచించి బయటికే పడేది. అన్నయ్య చేతికొచ్చిన బంతి వచ్చినట్టే జారిపోయేది. ఫ్రీ త్రోలు నాలుగు వేస్తే నాలుగూ పోయాయి. చేతులు చూపించి కారణం చెప్పుకునే రకం కాదు వాడు, పళ్ళు బిగబట్టి పరిగెత్తుతూనే ఉన్నాడు. చివరికి మా జట్టులో ఎవడో విసిరిన బంతి ఎవడి తలకో తగిలి బుట్టలో పడి, రెండు పాయింట్లతో గెలిచాం. విజిల్ ఊదారు. చప్పట్లు కొట్టింది పీడీ గారొక్కరే, అదీ నాలుగుసార్లు.

తరవాత మొదలైంది అసలు ఆట. మా ఊరు ఓడిన జట్టుని ఓదారుస్తుంది. గెలిచి పరువు తీసిన జట్టుని మాత్రం వదలదు. ఆటో పాపారావు తాడు మీద చెయ్యేసి, "ఆళ్ళు ఓడిపోనేదు బావ, మనోళ్ళు గెలవనేదు. టైమైపోనాది, అంతే" అన్నాడు. మా జట్టులో ఒక కుర్రాడి తండ్రి భావనపాడు నుంచి పనిగట్టుకుని వచ్చాడు, సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. ఆయన కొడుకుని పిలిచి, అందరికీ వినబడేలా, "పొద్దుటేల నుంచి వల లాగితే నాలుగు కవళ్ళ సేపలు పడ్డట్టున్నాది. దీనికి నానొకణ్ణి, బస్సెక్కి రావాల" అన్నాడు. మా షెడ్డు సింహాచలమత్త, ఆటంటే ఏమిటో ఆ రోజుకీ తెలియని మనిషి, "బుట్టకి అడుగు నేకపోయినా ఎయ్యనేకపోనారేటర్రా" అని నోరు నొక్కుకుంది. పిక్కల బస్తాలు మోసేవాళ్ళు, గెలిచిన జట్టుకి సానుభూతి చెప్తామని వరసగా నిలబడి, ఒక్కొక్క కుర్రాడి భుజం తట్టి "పోన్లే నాయినా, ఊరుకో" అంటూ వెళ్ళారు. టెక్కలి కుర్రాళ్ళకి సోడాలు ఇప్పించారు. ఆ ఎడమచేతి కుర్రాణ్ణి భుజాల మీదకెత్తి కోర్టంతా తిప్పారు. గెలిచిన మావాళ్ళు, పాపం, తలలు వంచుకుని గోనె పరదా వెనక కుళాయి దగ్గర మొహాలు కడుక్కోవడానికి పోయారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ జనం మీద నాకు జాలి లేదు, మోజూ లేదు. ఒక్కరికి బంతి చేత్తో పట్టుకోవడం తెలియదు. తిట్టడం ఎంత హాయి అంటే, అన్నం తిన్నాక చుట్ట కాల్చినంత. ఆ హాయి కోసమే వచ్చేవారని ఇప్పుడు నమ్ముతున్నాను. అందులో నేనూ ఉన్నాను. నా క్లాసు అమ్మాయిలు నలుగురితో కలిసి, ఆ గోనె పరదాకి ఇవతల పెదనాన్న పక్కన నిలబడ్డాను. ఎవరు ఏ వెటకారం ఆడినా మేం పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాం.

అప్పుడు వచ్చాడు యూనివర్సిటీ ఆయన. తెల్ల టోపీ, చేతిలో కాగితాలు పెట్టిన అట్ట. మంచివాడిలాగే ఉన్నాడు. జనం వెటకారాలు విని కాస్త తికమకపడ్డట్టున్నాడు. మావైపు వచ్చి, వయసులో పెద్దాయన కదా అని పెదనాన్నని అడిగాడు.

"పెద్దాయనా, ఆ ఏడో నంబరు కుర్రాడు ఇవాళే ఇలా ఆడాడా? ఎప్పుడూ ఇంతేనా?"

అంతకంటే మంచి ప్రశ్న ఎవరు అడుగుతారు! దానికి జవాబు ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసిన మనిషిని అడిగాడు. పొద్దున్న వెన్న రాసింది ఆయనే. పీట మీద కూర్చోబెట్టింది ఆయనే. నేను పెదనాన్న మొహం చూశాను. చెప్తాడనే అనుకున్నాను. పెదనాన్న ఆ టోపీ వైపు చూశాడు, అట్ట వైపు చూశాడు, చుట్టూ ఉన్న నలభై జతల కళ్ళ వైపు చూశాడు.

"ఎప్పుడూ ఇంతే బాబూ. ఆడికేటి ఆటొచ్చు? ఒడ్డూ పొడుగూ ఉన్నాది కదాని పీడీగారు నిలబెట్టేరు. బంతి పట్టుకోడం రాదు ఎదవకి."

"మీకు తెలిసిన కుర్రాడా?"

"మా ఇంటోడే. నాకు తెల్దేటి?"

నా పక్కనున్న అమ్మాయిలు కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను, వాళ్ళకంటే కాస్త గట్టిగానే. టోపీ ఆయన "ఇంటివాళ్ళే అంటున్నారంటే" అని ఏదో గొణుక్కుని, అట్ట మీద ఒక గీత గీసి వెళ్ళిపోయాడు. మా పద్ధతి తెలిసినవాడైతే ఆ తిట్లకి అర్థం ఇంకోలా తీసుకునేవాడు. మా వైపు ఇంటివాడు అంత గట్టిగా తిట్టాడంటే ఆ పిల్లాడిలో ఏదో ఉందన్నమాట. ఆయనది ఏ ఊరో ఏమో, మాటకి మాటే అర్థమనుకున్నాడు.

వారం తిరక్కుండా పేర్లు వచ్చాయి. టెక్కలి ఎడమచేతి కుర్రాడి పేరుంది, మావాడి పేరు లేదు. పీడీ గారు స్వయంగా ఇంటికొచ్చి చెప్పి, ఎందుకిలా అయిందో అర్థం కావట్లేదని, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా వెళ్ళిపోయారు. ఇక చూడాలి మా ఊరి తమాషా. ఆ రోజు దాకా అన్నయ్యని బంతి జారే చేతులవాడని వెక్కిరించిన జనమంతా మా అరుగు మీదకొచ్చి కూర్చున్నారు. "గెలిసినోణ్ణి మానేసి ఓడిపోనోణ్ణి అట్టుకెల్తాడేటి?" అని పాపారావు రంకెలేశాడు. మన లోకనాథం లాంటి ఆటగాడు జిల్లాలో లేడన్నారు. వాడు బంతి వేస్తే తప్పేదే కాదన్నారు. ఆ టోపీవాడికి ఏదో ముట్టిందన్నారు. ఆ మాటల్లో పదోవంతు ఆ రోజు కోర్టు దగ్గర అని ఉంటే సరిపోయేది కదా అని అమ్మ లోపల్నుంచి అంది, మెల్లగానే.

పెదనాన్న గోడకి చేరబడి కూర్చుని అంతా విన్నాడు. టోపీ ఆయన్ని ఎవడో బూతు మాట అనేసరికి మాత్రం లేచాడు. "ఆయన్నేటీ అనకండి. ఆయన తప్పు కాదు" అని చెప్పి షెడ్డులోకి పోయాడు. ఆయన ఒక బయటి మనిషిని వెనకేసుకు రావడం నేను చూడ్డం అదొక్కసారే. ఆ రోజు నుంచి ఆయన ఏ మ్యాచ్‌కీ రాలేదు. నేనూ ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. చెప్తే ఇంట్లో ఏమవుతుందోనని భయపడ్డాననుకునేదాన్ని. ఇద్దరం ఆ మాట మధ్యలో పెట్టుకుని, ఒకే వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. నా పెళ్ళయి విశాఖపట్నం వచ్చేదాకా అంతే.

అన్నయ్య కానిస్టేబులు పరీక్షకి రెండుసార్లు వెళ్ళాడు. పరుగులో నెగ్గాడు, ఆట సర్టిఫికెట్టు లేక కాగితాల దగ్గర ఆగిపోయాడు. తరవాత షెడ్డు వాడిదయింది. ఇప్పుడు మిషన్లొచ్చాయి, చేతులకి తొడుగులొచ్చాయి, వాడికి పొట్టొచ్చింది. కోర్టు స్థలంలో కాలేజీ బస్సులు నిలబెడుతున్నారు. వాడి కూతురు స్కూల్లో ఏదో పరుగుపందెంలో ఆఖరి నుంచి రెండోదిగా వచ్చిందట. ఆ వీడియో కింద బంధువులంతా "సూపర్", "ఛాంపియన్", "లెజెండ్" అని రాశారు. కర్మ భోజనాల దగ్గర కూడా దాన్ని చుట్టాలకి చూపించారు. పిల్ల ముద్దుగానే పరిగెత్తింది, నాకేం కోపం లేదు. కానీ అందరూ లెజెండ్లే అయినచోట, పిల్లకి తన ఆట ఏ పాటిదో ఎవరు చెప్తారు? ఆ రోజుల్లో మాకు తిట్టు తప్ప మాట లేదు, ఈ రోజుల్లో పొగడ్త తప్ప మాట లేదు. రెండూ పిల్లవైపు చూడకుండా అనే మాటలే. నేను పేపర్లలో ఇన్నేళ్ళుగా వెటకారం రాసి నాలుగు డబ్బులూ కాస్త పేరూ సంపాదించుకున్నదాన్ని, నాకీ తేడా అందరికంటే బాగా తెలుసనుకుంటాను. ఆ గర్వంతోనే, చుట్టాలు వెళ్ళిపోయాక, అన్నయ్యకి నిజం చెప్పడానికి పెరట్లోకి వెళ్ళాను.

వాడు గచ్చు మీద కూర్చుని అద్దెకి తెచ్చిన గిన్నెలు లెక్క చూసి బోర్లిస్తున్నాడు. పక్కన కూర్చుని మొదలెట్టాను. యూనివర్సిటీ ఆయన ఏమడిగాడో, పెదనాన్న ఏమన్నాడో చెప్పాను. పోయినవాడి మీద చెడ్డ చెప్తున్నట్టు ఉండకూడదని, దిష్టి భయంతోనే అన్నాడు పాపం అని రెండుమూడుసార్లు చేర్చాను. వాడు గిన్నెలు ఆపకుండా విన్నాడు.

"ఇన్నాను" అన్నాడు.

"విన్నావని తెలుసు, అర్థమైందా అని."

"ఇప్పుడు కాదే. ఆవేళే ఇన్నాను. గోనె పరదా ఎనకనే ఉన్నాను కదా. సెయ్యి మండిపోతంటే కుళాయి కింద ఎట్టుకుని నిలబడ్డాను. మీ మాటలన్నీ ఇనబడ్డాయి."

ఇన్నేళ్ళూ వాడు ఆ మనిషికి అన్నం పెట్టాడు. ఆయన మూత్రపిండాలు పాడైనప్పుడు వారానికి మూడుసార్లు బండి మీద కూర్చోబెట్టుకుని డయాలసిస్‌కి తీసుకెళ్ళాడు. ఒక్కసారైనా ఎందుకలా అన్నావని ఆయన్ని అడగలేదా అన్నాను.

"అడగడానికేటున్నాది? ఆయన బయపడ్డాడు. నాలుగు కళ్ళు పడ్డసోట నన్ను మెచ్చుకుంటే నాకేటైపోద్దోనని బయపడ్డాడు. తిట్టినా నా కోసమే తిట్టేడు. ఆసుపత్రికెల్లిన ప్రతిసారీ నా సేతి ఏళ్ళు అట్టుకుని సూసుకునేవోడు. నాకు ఆయన మీద ఏటీ నేదు."

చివరి గిన్నె బోర్లించి, తుండుతో చేతులు తుడుచుకుని, మొదటిసారి నా వైపు తిరిగాడు. కోపం లేదు మొహంలో. కోపం ఉంటే బాగుండేది.

"నువ్వెందుకు నవ్వినావే?"

"నాకు తెల్దన్నయ్యా" అన్నాను. వాడు సరేనన్నట్టు తలూపి, గిన్నెల బుట్ట నెత్తికెత్తుకుని వీధిలోకి వెళ్ళాడు. తెలియకేం, తెలుసు. ఆ నలుగురమ్మాయిల ముందు వాడు మా అన్నయ్య అయినందుకు సిగ్గేసింది, నేను వాళ్ళ జట్టులోదాన్నని చూపించుకోవడానికి నవ్వాను. పెదనాన్న మాటకి వాడి మీద ప్రేమ కారణం. నా నవ్వుకి అది కూడా లేదు.